బొమ్మ రాలేదు: సటీకా తాత్పర్య సహితం

అవతారిక

మూలగ్రంథం పేరు మ్యాట్‌ప్లాట్‌లిబ్. పైథాన్ భాషలో అంకెలిస్తే గీతలు గీసిపెట్టే లైబ్రరీ. గ్రంథకర్త జాన్ హంటర్, అమెరికావాడు, నాడీశాస్త్రం చదివినవాడు. మూర్ఛరోగుల మెదడులో పుట్టే విద్యుత్ సంకేతాలను తెరమీద చూసుకోవడానికి దీన్ని మొదలుపెట్టి, 2003లో లోకం మీదికి వదిలాడు. 2012లో నలభై నాలుగేళ్లకే పోయాడు. మహానుభావుడు. ఆయన బతికుంటే ఈ వ్యాఖ్య అవసరమయ్యేది కాదని మాత్రం అనలేం.

వ్యాఖ్యాత సామర్లకోట వాస్తవ్యుడు, రిటైరైన తెలుగు పండితుడు. పైథాన్‌తో పరిచయం అంతంతమాత్రం. అయితే అర్థంకాని వాక్యం కనబడితే దానికి ప్రతిపదార్థం రాయకుండా ఉండలేని జబ్బు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పట్టుకుంది. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం.

సందర్భం ఇది. మా మేనల్లుడు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం ఏ రోజు ఎంత ఉందో ఒక గీతగా గీసి, దానిమీద 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర మూడు అడ్డగీతలు పెట్టాలి. అవి మూడు ప్రమాద హెచ్చరికలు. వరదకాలంలో ఈ జిల్లాల్లో పసిపిల్లలకి కూడా నోటికొచ్చే అంకెలు. కాలేజీ ల్యాబులో బొమ్మ చక్కగా వచ్చింది. సాయంత్రం రైలెక్కి సామర్లకోటలో దిగి, ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిస్తే రాలేదు. దారిలో ప్రోగ్రాంలో ఒక్క అక్షరం కూడా మారలేదు.

ప్రథమ మూలం

"మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్: నో మాడ్యూల్ నేమ్డ్ మ్యాట్‌ప్లాట్‌లిబ్."

ప్రతిపదార్థం: మ్యాట్‌ప్లాట్‌లిబ్ = మ్యాట్‌ప్లాట్‌లిబ్; నేమ్డ్ = అనెడు పేరుగల; మాడ్యూల్ = గ్రంథభాగము; (హియర్ =) ఇచ్చట; నో = లేదు.

"హియర్ అని అక్కడ లేదు కదా మావయ్యా" అన్నాడు మేనల్లుడు. లేదు. అది అధ్యాహారం. వాక్యంలో కనబడకపోయినా అర్థం కుదరాలంటే తెచ్చి వేసుకోవలసిన పదం. ఈ గ్రంథంలో వచ్చే దోషాల్లో సగం ఈ అధ్యాహారం తెలియకపోవడం వల్లనే. యంత్రం "లేదు" అంటే లోకంలో లేదని కాదు, ఆ కంప్యూటర్లోనే లేదని కూడా కాదు. తాను వెతికిన అల్మారాల్లో లేదని.

శంక: "నిన్ననే పిప్‌తో ఇన్‌స్టాల్ చేశాను. సక్సెస్‌ఫుల్లీ అని కూడా వచ్చింది. మరి లేకపోవడమేంటి?"

సమాధానం: ఏ పైథాన్‌కి చేశావురా అబ్బాయ్? ఒక్క ల్యాప్‌టాప్‌లో ఎన్ని పైథాన్లు కాపురముంటాయో లెక్కపెట్టినవాడికి ఈ శంక పుట్టదు. వెబ్‌సైట్ నుంచి దించుకున్నది ఒకటి, అనకొండతో పాటు వచ్చినది ఇంకొకటి, ప్రాజెక్టు కోసం కట్టుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ మరొకటి. పిప్ ఒక పైథాన్ ఇంట్లో సామాను దింపింది, ప్రోగ్రాం నడిపే వీఎస్ కోడ్ ఇంకో పైథాన్‌ని లేపి "ఏదీ?" అని అడిగింది. ఇద్దరూ నిజమే చెప్పారు.

దీనికి విరుగుడు చిన్నది. ప్రోగ్రాం మొదట్లో సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ అన్నదాన్ని ప్రింట్ చేయించాలి. ఇప్పుడు పనిచేస్తున్న పైథాన్ ఏ ఫోల్డర్ వాడో తన గోత్రం తానే చెప్తాడు. ఆ పైన ఉత్త పిప్ అని పిలవకుండా, ఆ పైథాన్ పేరే ముందుపెట్టి "పైథాన్ డ్యాష్ ఎం పిప్ ఇన్‌స్టాల్" అనాలి. అప్పుడు సామాను ఎవరింటికి వెళ్లాలో వాళ్లింటికే వెళ్తుంది.

తాత్పర్యం: "లేదు" అన్న మాట వినగానే మళ్లీ ఇన్‌స్టాల్ చేయరాదు. అన్నవాడెవడో ముందు కనుక్కోవాలి.

విశేషం: ఇదే దోషానికి మరొక రూపం ఉంది, "మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్" అని. ఇది చాలా రసవత్తరమైన దోషం. మావాడు అభ్యాసం కోసం రాసుకున్న ఫైలుకి ముద్దుగా మ్యాట్‌ప్లాట్‌లిబ్ డాట్ పీవై అని పేరు పెట్టుకున్నాడు. పైథాన్ ఏ గ్రంథం కావాలన్నా ముందు ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్లోనే వెతుకుతుంది. అక్కడ ఆ పేరుతో ఆరు పంక్తుల ఫైలు కనబడింది. అదే అసలు గ్రంథమనుకుని తెరిచింది. జాన్ హంటర్ గ్రంథం తన చోట తాను భద్రంగానే ఉంది, కానీ దాని దాకా వెళ్లనిచ్చేదెవరు? ఫైలు పేరు మార్చిన మరుక్షణం దోషం పోయింది.

ద్వితీయ మూలం

"ఫిగర్ కాన్వాస్ ఆగ్ ఈజ్ నాన్ ఇంటరాక్టివ్, అండ్ దస్ కెనాట్ బీ షోన్."

పాఠాంతరాలు: 2018లో వచ్చిన 3.0 వెర్షన్‌కి పూర్వపు ప్రతుల్లో ఈ చోట "నో డిస్‌ప్లే నేమ్ అండ్ నో డాలర్ డిస్‌ప్లే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్" అని ఉండేది. ప్రోగ్రాం అక్కడికక్కడే కూలబడేది. 3.0 నుంచి గ్రంథం కాస్త లౌక్యం నేర్చుకుంది. తెర దొరక్కపోతే చప్పుడు చేయకుండా ఆగ్‌కి మారిపోయి, బొమ్మ చూపించమని షో అన్నప్పుడు మాత్రం "మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఈజ్ కరెంట్లీ యూజింగ్ ఆగ్" అని నసిగేది. ఆ తర్వాతి ప్రతుల్లో పైన ఇచ్చిన పాఠం స్థిరపడింది. మూడు పాఠాలకీ అర్థం ఒక్కటే. మూడింటికీ మూడు వేర్వేరు మందులు వెతుక్కుని కాలం పోగొట్టుకునేవారు కోకొల్లలు.

ఆగ్ అంటే యాంటీ గ్రెయిన్ జామెట్రీ అనే బొమ్మలు గీసే సరుకుకి పొట్టిపేరు. గీతలు, రంగులు, చుక్కలు కూర్చి జ్ఞాపకంలో బొమ్మను తయారుచేయడం దాని పని. తయారైన బొమ్మను కిటికీ తెరిచి చూపించే పని వేరేవాళ్లది: టీకే, క్యూటీ, మ్యాక్ వారి సొంత కిటికీ. వీటన్నిటినీ కలిపి బ్యాకెండ్లు అంటారు.

మా ఊరి భీమేశ్వరాలయం చూసినవారికి ఇది ఇట్టే అందుతుంది. పదో శతాబ్ది మొదట్లో వేంగినేలిన చాళుక్య భీముడు కట్టించాడని చెప్పే గుడి, రెండంతస్తులు. స్వామి ఒక్కడే. కింది అంతస్తులో మొదలై పై అంతస్తులోకి లేచి ఉంటాడు. అభిషేకం చేయాలంటే మెట్లెక్కి పైకి వెళ్లాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఫిగర్ అంటే అంతే. కింద ఆగ్ దగ్గర అది నిండుగా తయారై ఉంటుంది. పై అంతస్తు లేనిచోట దర్శనం కాదు. అంతమాత్రాన స్వామి లేడనకూడదు.

పై అంతస్తు ఎక్కడెక్కడ ఉండదు? తెర లేని సర్వర్లో ఉండదు. కాలేజీవాళ్ల సర్వర్లోకి మావాడు ఇంటినుంచి దూరమార్గాన దూరాడు, అక్కడ షో అన్నాడు. ఎవరికి చూపించాలి? ఉబుంటులో తెర ఉన్నా టీకే వేరే ప్యాకేజీగా వస్తుంది. పైథాన్ త్రీ డ్యాష్ టీకే అన్నది విడిగా వేసుకుంటే తప్ప కిటికీ తెరుచుకోదు. ఇక బ్రౌజర్లో నడిచే కొలాబ్‌లోనూ జుపిటర్‌లోనూ కిటికీ ఊసే లేదు. బొమ్మ సెల్ కిందనే వచ్చి కూర్చుంటుంది, షో అనకపోయినా వస్తుంది. ఆ సుఖానికి అలవాటుపడ్డవాడు అదే ప్రోగ్రాంని ఇంట్లో మామూలు ఫైలుగా నడిపి, షో రాయడం మరిచి, "ఏమీ రావట్లేదు మావయ్యా, ఎర్రర్ కూడా రావట్లేదు" అని వాపోవడం సహజం.

గెట్ బ్యాకెండ్ అని అడిగితే ఇప్పుడు ఎవరు డ్యూటీలో ఉన్నారో చెప్తుంది. తెర లేనిచోట షో మానేసి సేవ్‌ఫిగ్ అనడం ఉత్తమం. పీఎన్‌జీ ఫైలుగా దాచి, దాన్ని ఇంటికి తెచ్చుకుని చూసుకోవచ్చు.

అమూల దోషం

సేవ్‌ఫిగ్ అన్నాము గనుక ఇది చెప్పక తప్పదు. దీనికి మూలం లేదు, కనక ప్రతిపదార్థం రాయడం కుదరలేదు. ముందు షో అని, ఆ తర్వాత సేవ్‌ఫిగ్ అని రాస్తే, కిటికీ మూసిన వెంటనే పాత ఫిగర్ చెల్లిపోతుంది. సేవ్‌ఫిగ్ దానికి బదులు కొత్త ఖాళీ కాగితం పుట్టించి దాన్ని భద్రంగా దాచిపెడుతుంది. ఒక్క హెచ్చరికా ఉండదు. తెల్లటి బొమ్మ. అదే కొలాబ్‌లో వేరు వేరు సెల్స్‌లో రాసినా ఇదే ఫలితం. ఈ రెండు పంక్తులూ తారుమారు చేసి, సేవ్‌ఫిగ్‌ని బొమ్మ గీసిన సెల్‌లోనే ఉంచితే చాలు. వ్యాఖ్యాత మతంలో, తిట్టే దోషం కంటే తిట్టని దోషం ప్రమాదకరం.

క్షుద్రదోష సంగ్రహం

2017 నాటి 2.0 వెర్షన్‌లో రంగుల వరస మారింది. పాత పుస్తకంలోని బొమ్మా తన బొమ్మా ఒకేలా లేవని దిగులుపడనక్కర్లేదు. స్టైల్ పేర్లలో సీబోర్న్ అని ఉన్నవి 3.6 నుంచి సీబోర్న్ డ్యాష్ వీ0 అండర్‌స్కోర్ 8 అయ్యాయి. 2024 జూన్‌లో అంకెల లైబ్రరీ నంపై 2.0 వచ్చింది. నంపై 1 కోసం కంపైల్ చేసిన పాత మ్యాట్‌ప్లాట్‌లిబ్ దాని పక్కన నిలవదు, పేజీడు ఎర్రర్ కక్కుతుంది. ఎర్రర్ ఎంత పొడుగున్నా చదవాల్సింది చివరి పంక్తి. పనిచేసిన చోట ఏ వెర్షన్లున్నాయో రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రాసి వెంట తెచ్చుకుంటే ఈ సంగ్రహంతో పనే లేదు.

ఇక్కడ ఒక మాట. హంటర్ పనిచేసిన ప్రయోగశాలలో మొదట వాడిన సాఫ్ట్‌వేర్‌కి ఒక్కటే లైసెన్సు ఉండేదట. చిన్న తాళంలాంటి డాంగిల్ ఒకటి, దాన్ని విద్యార్థులూ పరిశోధకులూ వంతులవారీగా వాడుకునేవారట. ఆ బాధ పడలేకే ఆయన కొత్తదారి తొక్కాడు. డాంగిల్ కాలంలో పాఠాంతరాలు లేవు, ఎందుకంటే ప్రతి ఒక్కటే. ఎవరింటికి కావాలంటే వారింటికి గ్రంథం వెళ్లడం మొదలయ్యాకే ఈ తేడాలన్నీ పుట్టాయి. తాళపత్రాల కాలంలోనూ ఇంతే జరిగింది. బ్రౌన్ దొర ఒక్కో కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి పండితులను కూర్చోబెట్టి సరిచూపించాడు. ప్రతులు తేడాగా ఉంటే కావ్యం చెడ్డదని కాదు.

తృతీయ మూలం

"ఫైండ్ ఫాంట్: ఫాంట్ ఫ్యామిలీ గౌతమి నాట్ ఫౌండ్."

గౌతమీ తీరంలో పుట్టి ఈ మాట వినాల్సి వచ్చింది. గౌతమి అనేది మైక్రోసాఫ్ట్ వారు విండోస్‌తో ఇచ్చిన తెలుగు ఫాంట్. విండోస్ 10 నుంచి తెలుగు భాషను జోడించుకున్న యంత్రాల్లోనే అది ఉంటుంది. లైనక్స్‌లో నడిచే కొలాబ్‌లో అసలుండదు. దొరకనప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనతో తెచ్చుకున్న డెజావు సాన్స్‌తో రాయబోతుంది. అందులో తెలుగు లేదు. "గ్లిఫ్ 3111 మిస్సింగ్" అని గొణిగి, అక్షరానికో డబ్బా గీస్తుంది. 3111 అంటే యూనికోడ్‌లో మన ధకారం. మావాడు పెట్టిన శీర్షిక "ధవళేశ్వరం వద్ద వరద మట్టం." పాపం, మొదటి అక్షరం దగ్గరే తడబడింది.

డబ్బాలు పోవడం కష్టమేం కాదు. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఫైలును ప్రోగ్రాం పక్కనే పెట్టుకుని, ఫాంట్ మేనేజర్‌కి యాడ్‌ఫాంట్ అని చెప్పి చేర్చాలి. అలా కాక సిస్టంలో ఇన్‌స్టాల్ చేస్తే, గ్రంథం తన పాత ఫాంట్ల జాబితాను క్యాషేలో దాచుకుని అదే చదువుతూ ఉండవచ్చు. ఆ జాబితా ఫైలు చెరిపేస్తే కొత్తది రాసుకుంటుంది.

డబ్బాలు పోయాయి. అప్పుడు అసలు దోషం బయటపడింది. ధవళేశ్‌వరం వద్‌ద వరద మట్‌టం. ఒత్తులన్నీ విడిపోయి, పొల్లు గుర్తులతో పక్కపక్కన నిలబడ్డాయి. ళేకారం మీద తలకట్టూ ఏత్వమూ ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

శంక: "అదే ఫాంట్, అదే ల్యాప్‌టాప్. బ్రౌజర్‌లో బానే వస్తోందిగా?"

సమాధానం: ఫాంట్‌లో ద ఉంటుంది, పొల్లు ఉంటుంది. ద, పొల్లు, ద వరసగా వస్తే రెండో ద కిందికి ఒత్తుగా దిగాలన్న నియమం కూడా అందులోనే పట్టికగా ఉంటుంది. ఆ పట్టిక చదివి అక్షరాలు కూర్చే పనివాడు వేరే ఉండాలి. బ్రౌజర్లలో హార్ఫ్‌బజ్ లాంటివాడు ఉంటాడు. మావాడి యంత్రాల్లో ఉన్న మ్యాట్‌ప్లాట్‌లిబ్ ప్రతుల్లో లేడు. అవి ఒక అక్షరం తీసి పెట్టి, దాని పక్కన ఇంకొకటి పెట్టుకుంటూ పోతాయి. ఇంగ్లీషుకి అది చాలు. మనకీ తమిళులకీ హిందీవాళ్లకీ చాలదు.

పరిహారాలు రెండున్నాయి. పీజీఎఫ్ బ్యాకెండ్ పెట్టుకుని శీర్షికను జీలేటెక్ చేత రాయించడం ఒకటి. అక్షరాలు కూర్చే రాఖమ్ అండతో ఎంపీఎల్ కైరో అనే బ్యాకెండ్ వాడడం రెండోది. రెండూ పనిచేస్తాయి. రెండింటినీ ఇంట్లో, ల్యాబులో, కొలాబ్‌లో మూడు చోట్లా ఇన్‌స్టాల్ చేయాలంటే మళ్లీ ప్రథమ మూలం నుంచి పారాయణం మొదలుపెట్టాలి.

మూడో పరిహారం వ్యాఖ్యాత సొంతం. రాజమండ్రి కందుకూరి వీరేశలింగం పంతులుగారు పెదవులు తగలని అక్షరాలతో, అదీ అచ్చతెలుగులో, ఏకంగా ఒక నైషధమే రాశారు. ఆ నేల మీద పుట్టినవాళ్లం, ఒత్తూ గుణింతమూ లేని ఒక్క శీర్షిక రాయలేమా? మేనల్లుడూ నేనూ అరుగు మీద కూర్చుని వెతికాం. పడవ, కడవ, పనస, నగరం... నగరంలో సున్నా ఉంది, దాన్ని నమ్మడానికి మావాడు ఒప్పుకోలేదు. చివరికి శీర్షిక "వరద" అని తేలింది. తలకట్టు అక్షరాలు మూడు. విండోస్, ఉబుంటు, కొలాబ్ మూడింటా ఒకటే రూపం. అడ్డగీతల దగ్గర "హెచ్చరిక" అని రాసే యోగం లేక ఉత్త అంకెలే ఉంచాడు.

కాలేజీలో మాస్టారు బొమ్మ చూసి, "బానే గీశావు గానీ, ఏ ఊరి వరద బాబూ ఇది?" అన్నారట.

"ధవళేశ్వరందండి, ఆయ్. కంప్యూటర్‌కి రాయడం రాదండి."