ఊరకుండు ఉద్యోగము

మన దేశమున ఏ పనియు చేయకుండ జీతము పుచ్చుకొను ఉద్యోగములు లెక్కకు మిక్కిలిగా నున్నవనియు, వాటినన్నిటిని ఊడబెరికినగాని ఖజానా బాగుపడదనియు వాదించు ఆర్థికవేత్తలతో నాకు పేచీ లేదు. కాని చట్టమే స్వయముగా సృష్టించి, ఒకచోట ఊరక నిలుచుండుటనే విధిగా నిర్ణయించి, అట్లు నిలువనిచో మరియొకని ప్రాణము పోవునని హెచ్చరించిన ఉద్యోగ మొకటి కలదనియు, విచిత్రమేమనగా దేశము మొత్తముమీద ఊరకుండనీయబడనివాడు ఆ ఒక్కడే యనియు వారికి మనవి చేసికొనుచున్నాను.

1948లో చేసిన ఫ్యాక్టరీల చట్టములో 36వ సెక్షను ఉండెను. విషవాయువు గాని ధూళి గాని ఉండదగిన గది, తొట్టి, గొయ్యి, గొట్టము మొదలగు మూసినచోటులలోనికి మనుష్యుని దింపవలెనన్నచో, ముందుగా వాటిని తొలగించుటకు సాధ్యమైన ఉపాయములన్నియు చేసి, ఆ పిమ్మట యోగ్యుడైనవాడు స్వయముగా పరీక్షించి వ్రాతమూలకముగా ధ్రువపత్రమీయవలెననియు, లేనియెడల దిగువాడు శ్వాసపరికరమును, బెల్టును ధరింపవలెననియు, ఆ బెల్టునకు కట్టిన తాటి రెండవ కొనను వెలుపలనున్నవాడొకడు పట్టుకొనియుండవలెననియు అందులో వ్రాసినారు. ఈ వెలుపలివాడే మన కథానాయకుడు. అతడు చదువుకొనవలెనని గాని, చురుకైనవాడై యుండవలెనని గాని శాసనకర్తలు కోరలేదు. పట్టుకొని యుండవలెను, అంతే. తరువాత చట్టములకు పేరులు మారుచుండవచ్చును. తాటికి రెండు కొనలుండుట మాత్రము మారలేదు.

కృష్ణ కిరుగడల సున్నపురాతి నేలలో వెలసిన సిమెంటు కర్మాగారములను, థర్మల్ విద్యుత్కేంద్రములను దూరమునుండి చూచిన బాటసారికి ఆకాశమునకెత్తిన గాదెలవలె కనబడునవే సైలోలు. పైన పోసినది క్రింద జారవలెననునది వాటి ధర్మము. తేమ తగిలిన సిమెంటు ఆ ధర్మమును పాటింపదు. అది గోడలకు అట్టలు కట్టును. ద్వారముపై కమాను కట్టి కదలకుండును. ఒక్కొక్కప్పుడు నడుమ మాత్రము బొరియపడి సరకు జారుచుండగా, చుట్టునున్నది నెలల తరబడి స్థిరనివాస మేర్పరచుకొనును. గరాటుగోడ ఎంత వాలున నుండవలెనో, ద్వార మెంత వెడల్పుండవలెనో పదార్థస్వభావమునుబట్టి లెక్కగట్టు విధమును ఆండ్రూ జెనికె యను ఇంజనీరు అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమునుండి 1964లో వెలువడిన గ్రంథమున విశదపరచినాడు. ఆ లెక్క ప్రకారము కట్టినచో లోనికి మనిషి దిగవలసిన అవసరమే అరుదు. కాని వాలు పెరిగినకొలది ఎత్తు పెరుగును, ఎత్తుతోబాటు ఖర్చు పెరుగును, సుత్తి చవుక. సుత్తితో మోదినచోటెల్ల రేకు లోనికి సొట్టపడి, ఆ సొట్టను ఆశ్రయించి మరునాడు మరికొంత సరకు పట్టుకొనును. కనుక మరికొన్ని దెబ్బలు. పైరంధ్రమునుండి గొలుసులుగల యంత్రమును దించి, మనిషి వెలుపలనుండియే గోడలను కొట్టించు సాధనములును కలవు. వాటి అద్దెచీటీ చూచినంతనే మేనేజరుగారికి మానవశక్తియందు అపారమైన గౌరవము కలుగును.

కావున మనిషిని దింపుదురు. గడ్డకట్టిన సరకు పైనుండి చూచువానికి గట్టినేలయే. దాని క్రింద ఫీడరు యంత్రము సరకును లాగుకొనిపోయిన మేర శూన్యమున్నదని గడ్డమీద వ్రాసియుండదు. ధాన్యపు సైలో యైనచో, జారుచున్న గింజలలో అడుగుపెట్టినవాడు 4, 5 సెకనులలో కాలు పెకలించుకొనలేని స్థితికి వచ్చి, నిమిషము తిరుగకుండ తల మునుగును. చుట్టు బిగిసిన గింజల ఒత్తిడివలన నడుమువరకు కూరుకొన్నవానిని నలుగురు కలిసి లాగినను పైకి రాడు. ఇందుచేతనే దిగకముందు ఫీడరునకు విద్యుత్తు తీసి, తాళమువేసి, తాళపుచెవి దిగువాని జేబులోనే యుంచవలెననియు, గోడల అట్టలను పైనుండి క్రిందికి రాల్చుకొనుచు రావలెనే గాని వాటి క్రింద నిలువరాదనియు నియమములేర్పడినవి. తాళపుచెవి ఆఫీసుగోడ మేకునకు వ్రేలాడుట మన ఆచారము.

ఇక వెలుపలివాని సంగతి. మ్యాన్‌హోలు ప్రక్కన తాడు పట్టుకొని, లోనికి చూచుచు, నడుమనడుమ ‘ఒరే, పలుకుచున్నావా’ యని కేకవేయుట తప్ప వేరు పనిలేని ఆ హెల్పరు, అటుపోవు షిఫ్టు ఇన్‌ఛార్జి కంటికి కంటకమువలె గ్రుచ్చుకొనును.

“ఏరా, ఊరికే నిలబడ్డావేం? ఆ బస్తాలు ఎవడు మోస్తాడు?”

“లోపల మనిషున్నాడు సార్.”

“ఉంటే వాడి పని వాడు చేసుకుంటున్నాడు. నీ సంగతేమిటి?”

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము తర్కశాస్త్రమున లేదు. అతడు తాటిని రెయిలింగు కమ్మీకి ముడివేసి, బస్తాలు మోసి, పనిలోపనిగా అందరికిని టీ తెచ్చుటకై క్యాంటీనునకు పోవును. కమ్మీకి కూలి లేదు, ఆకలి లేదు, సెలవు లేదు. కాంట్రాక్టరు బిల్లులో మాత్రము మనుష్యులిరువురే. పర్మిట్టు కాగితముమీద గాలిపరీక్ష ఉదయముననే జరిగినట్లు సంతకముండును. ఆ కాగితమంత పరిశుభ్రమైన సైలో ఈ భూమిమీద లేదు.

ఊరకుండుటయందు ఇంతకంటె కఠినమైన రెండవ మెట్టొకటి కలదు. లోపలివాడు స్పృహ తప్పి పడినప్పుడు వెలుపలివాడు తానుకూడ దూకరాదు. కేకవేయవలెను, సైరను మ్రోగింపవలెను, తాడు లాగవలెను, శ్వాసపరికరములతో వచ్చువారికై అక్కడనే నిలువవలెను. ఇట్టి మూసినచోటులలో మరణించినవారిలో నూటికి 60 మందికి పైగా మరియొకరిని రక్షింపబోయినవారే యని అమెరికా ప్రభుత్వపు వృత్తిభద్రతా పరిశోధన సంస్థ 1986లో ప్రకటించినది. అయినను మనము దూకినవానికి పత్రికలో ఫొటో వేసి సాహసియని కీర్తింతుము. దూకక, తాడు వదలక, ఇద్దరిని బ్రదికించినవాడు వార్త కానేరడు, ఏలయన అక్కడ ఏమియు జరుగలేదు.

ఏమియు జరుగకుండ చేయువానిని గౌరవించుట మనకు బొత్తిగా చేతకాదనుటయు న్యాయము కాదు. జొన్నపాతర తీయునపుడు మన పెద్దలు మూత తొలగించి, వెంటనే దిగక, గాలి సోకనిచ్చి, దీపము దించి చూచి, అది ఆరిపోయినచో ఆ పూటకు పని మానుకొనెడివారు. గింజలును ఊపిరి పీల్చి లోపలి ప్రాణవాయువును హరించునను సంగతి వారికి రసాయనశాస్త్రము చెప్పలేదు. దిగి తిరిగిరానివారు చెప్పిరి. గట్టున నొక వృద్ధుడు చుట్ట కాల్చుకొనుచు కూర్చుండి లోపలివానిని పలుకరించుచుండెడివాడు. అతనిని అదనపు సిబ్బందియని ఎవరును తొలగించినట్లు వినలేదు. (దీపపు పరీక్షను పిండికొట్టులకు అన్వయింపకుందురు గాక. 1785 డిసెంబరులో ఇటలీలోని ట్యూరిన్ నగరమున ఎగసిన పిండి గోడదీపమునకంటుకొని కొట్టే ప్రేలినది.)

కర్మాగారమున ధూళి నూడ్చు చీపురువాడును, ఏమియు జరుగకుండ చేయు ఈ కోవవాడే. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, పోర్ట్ వెంట్‌వర్త్ చక్కెర కర్మాగారములో, సైలోల క్రింది సొరంగమున ధూళి అంటుకొని ప్రేలి 14 మందిని బలిగొన్నది. చక్కెరలో మలినము పడకుండుటకై అంతకుముందటి సంవత్సరమే అక్కడి కన్వేయరు బెల్టుకు ఉక్కురేకుల తొడుగు వేసిరి; చక్కెర నిర్మలముగానే యుండెను, ధూళి తొడుగులో మూగెను. మొదటి ప్రేలుడు అదరుపాటుకు నేలలపైన, దూలములపైన పేరుకొన్న చక్కెర గాలిలోనికెగసి, తరువాతి ప్రేలుళ్లకు ఇంధనమయ్యెను. చక్కెర ధూళి ప్రేలునన్న మాట 1925 నాటికే ఆ పరిశ్రమవారెరుగుదురు. ఎరిగినదానిని ఊడ్చివేయుటకు మనిషి కావలెను. ఆ మనిషి ఆ దినమున ఎన్ని టన్నులు తీసెనని లెడ్జరు అడుగును.

మనవారు భద్రతను మరచినారనుకొందురేమో, మార్చి 4న ఏ కర్మాగారమునకైనను పోయి చూడుడు. జాతీయ భద్రతా దినము. ప్రతిజ్ఞలు, పిల్లలకు వ్యాసరచన, పెద్దలకు శాలువలు. బ్యానరు రెండు కొనలను పట్టుకొనుటకు ఇద్దరు హెల్పరులను ప్రత్యేకముగా నియమించి, ఫొటోలు ముగియువరకు వారిని బస్తాల దరికి గాని, క్యాంటీను దరికి గాని పోనీయరు.

కనుక ఈ తాడు పట్టుకొనువానికి ‘రజ్జుధారి’ యను గంభీరనామమును, గెజిటెడ్ హోదాను, ఒక కుర్చీని ఇచ్చి, ప్రకటన వెలువరింపవలెనని ప్రభుత్వమువారిని ప్రార్థించుచున్నాను. అభ్యర్థిని మ్యాన్‌హోలు ప్రక్కన రెండు గంటలు నిలిపి పరీక్షింపవలెను; ఫోను తీసినవాడును, లోపలినుండి అరుపు వినబడగానే దూకినవాడును, ఇన్‌ఛార్జి పిలువగానే పోయినవాడును తప్పినట్లే. సర్కారు కార్యాలయములందలి పూర్వానుభవము అనర్హతగా పరిగణింపబడును, ఏలయన అచ్చట ఊరకుండువారు సీటులో నుండరు. వేతనము ఇన్‌ఛార్జితో సమానము. టీ అక్కడికే పంపబడును.