ఉభయకుశలోపరి ప్లీడరు గారు

చిలకలూరిపేటలో ఒక కాపురం బెసికిందంటే ఆ కబురు ముందు ముగ్గురికి చేరుతుంది: అమ్మాయి పుట్టింటికి, సంబంధం కుదిర్చిన మధ్యవర్తికి, ప్లీడరు గారికి. మొదటి ఇద్దరికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పాలి. ప్లీడరు గారికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పెళ్ళికి ఆయన వెళ్ళారు, అక్షింతలు వేశారు, దిగొచ్చేటప్పుడు సారె సామాను వైపు ఓ చూపు చూశారు. మంచం టేకుదో కాదో, బిందెలు ఇత్తడివో స్టీలువో అప్పుడే మనసులో రాసేసుకున్నారు. ఇందులో దురుద్దేశమేమీ లేదు. విందులో కూర్చున్న డాక్టరు గారు పక్కవాడి పొట్ట వంక చూసినట్టే ఇదీను. ఆయన ఆఫీసంటే ఇంటి ముందు గది. గోడకు ఎరువుల కొట్టువాళ్ళ క్యాలెండరు, పక్కనే జిన్నింగు మిల్లువాళ్ళ క్యాలెండరు, బీరువా నిండా లావుపాటి లా జర్నల్సు, బల్ల మీద దారంతో బిగించిన కేసు కట్టలు, వరండాలో వచ్చేపోయేవాళ్ళకు చెక్క బల్ల. బోర్డు మాత్రం చిన్నది. అడ్వొకేట్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదనీ, బోర్డు సైజు కూడా తగుమాత్రంగానే ఉండాలనీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమం. ఆ నియమాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఊళ్ళో ఏ పెళ్ళీ, ఏ పెద్దకర్మా వదలని మనిషికి బోర్డుతో పనేముంది?

ఈయన మీద పేటలో వినిపించే పెద్ద ఫిర్యాదు చట్టం తెలియదని కాదు, ఊరంతా తెలుసని. ‘‘ఆయనకు వాళ్ళూ కావలసినవాళ్ళే, మనమూ కావలసినవాళ్ళమే. గుంటూరులోనో విజయవాడలోనో పెద్ద లాయర్ని చూసుకుందాం’’ అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. గట్టు తగాదాకో, చెక్కు బౌన్సుకో ఆ మాట చెల్లితే చెల్లవచ్చు. విడాకులకూ, పిల్లల కస్టడీకీ చెల్లదు. ఊరంతా తెలిసి ఉండటమే ఈ రెండు వ్యవహారాల్లో అసలు అర్హత. ఆ అర్హత ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో తేల్చుకోవడమే కక్షిదారు చేయాల్సిన పని.

చట్టం సంగతి ముందు చూద్దాం. 1955 నాటి హిందూ వివాహ చట్టం విజయవాడకొకటి, పేటకొకటి ఉండదు. పెళ్ళయి ఏడాది నిండకుండా మామూలుగా విడాకుల పిటిషన్ వేయడానికి లేదన్నది 14వ సెక్షన్. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే 13-బి సెక్షన్‌ను 1976లో చేర్చారు. అందులోని ఆరు నెలల గడువును తగిన కేసుల్లో సడలించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఇవన్నీ ఇప్పుడు అందరి ఫోన్లలోనూ దొరుకుతాయి. దొరకనిది వరండాలో దిగే దండును చదవగలిగే కన్ను. పేటలో విడాకుల కేసు ఒంటరిగా రాదు. ఆటోలోంచి అమ్మాయి, అమ్మ, నాన్న, పెదనాన్న, మేనమామ, మాజీ సర్పంచి, ఎందుకొచ్చారో ఎవరికీ తెలియని ఒక బావగారు దిగుతారు. ప్లీడరు గారు కళ్ళజోడు పైనుంచి ఒక్కసారి చూసి లెక్క తేల్చేస్తారు: పిటిషన్‌లో పేరు అమ్మాయిది, పట్టుదల మేనమామది, డబ్బు పెదనాన్నది, భయం తల్లిది. ఆయన అడిగే మొదటి ప్రశ్న కూడా ‘‘ఏం జరిగిందమ్మా?’’ అని ఉండదు. ‘‘పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఎవరి పేరు మీదుందండీ?’’ అని ఉంటుంది. ఈ నల్లరేగడి నేలలో కాపురం తగాదా అడుగున పొలం తగాదా ఉండటం మామూలే కాబట్టి ఆ ప్రశ్నకు అర్థముంది. ఇక పిటిషన్ రాయడం చిటికెలో పని. ‘‘కొంతకాలం అన్యోన్యంగా కాపురం చేసిన పిమ్మట ప్రతివాది చెడు వ్యసనాలకు లోనై’’ అన్న వాక్యం టైపిస్టు కంప్యూటర్లో ఎప్పుడూ సిద్ధం. పేర్లు మార్చితే చాలు. ఒక్కోసారి ఆరో పేరాలో పాత కేసు తాలూకు భర్త పేరు మిగిలిపోతుంది. అవతలి ప్లీడరు గారి కౌంటరులో ‘‘ఆరోపణలన్నీ అబద్ధం, కల్పితం’’ అన్న వాక్యం కూడా అంతే సిద్ధంగా ఉంటుంది కనుక ఎవరికీ నష్టం లేదు.

ఈయనకు పోటీ విజయవాడ అడ్వొకేటు అనుకుంటాం గానీ, అసలు పోటీ రచ్చబండ దగ్గరుంది. విషయాన్ని పెద్దమనుషుల్లో పెడతారు, రెండు వైపులా ధరావతు కట్టించుకుంటారు, పొద్దుపోయేదాకా వాదించి స్టాంపు కాగితం మీద ‘‘నేటి నుంచి ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేదు’’ అని రాయించి సంతకాలు పెట్టిస్తారు. ఆ కాగితాన్ని బీరువాలో దాచుకుని ధైర్యంగా రెండో సంబంధం చూసుకుంటారు. ఆచారంగా వస్తున్న విడాకులకు హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ రక్షణ ఇచ్చిన మాట నిజమే. అయితే తమ కులంలో ఆ ఆచారం ఎప్పటినుంచో నడుస్తోందని కోర్టులో రుజువు చేసుకోవాలి. రుజువు కాకపోతే మొదటి పెళ్ళి చెక్కుచెదరదు, రెండోది నిలవదు. పెద్దమనుషుల్లో కుదిరిన మాటను 13-బి పిటిషన్‌గా మార్చి, దాని మీద జడ్జి గారి సంతకం పడేలా చూడగలిగేది ఎవరు? ఆ పంచాయితీలో కుర్చీ వేయించుకుని కూర్చోగలిగిన ప్లీడరే. సిటీ లాయరుకు సెక్షన్లు తెలుసు, ఆ కుర్చీ దొరకదు.

పిల్లల దగ్గరికొస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం మైనరు మామూలుగా ఎక్కడ ఉంటుంటే ఆ ప్రాంతపు కోర్టులోనే కస్టడీ అడగాలి. తండ్రి హైదరాబాదులో, తల్లి బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నా, పిల్లవాడు పేటలో అమ్మమ్మ దగ్గరుండి బడికెళ్తుంటే ఎంత పెద్ద లాయరైనా హైవే దిగి ఇటు రావాల్సిందే. అమెరికా అల్లుళ్ళ వ్యవహారమూ అంతే. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్ళిని మిస్సోరీ కోర్టు రద్దు చేస్తే, ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. భార్య తానుంటున్న చోటే పిటిషన్ వేసుకునే వీలు 2003 సవరణతో వచ్చింది. కస్టడీ కేసు ఇక్కడికి వచ్చాక కోర్టు చూసేది ప్రధానంగా ఒక్కటే, పిల్లల క్షేమం. అయిదేళ్ళ లోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరుండాలన్నది 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం. ఆ పైన క్షేమమంటే ఏమిటో వివరాల్లో ఉంటుంది. తండ్రి గణపవరం స్పిన్నింగు మిల్లులో నైట్ షిఫ్టు చేస్తుంటే రాత్రిళ్ళు బిడ్డను చూసేదెవరు? నాయనమ్మకు ఓపికుందా? స్కూలు బస్సు ఆ వీధికి వస్తుందా? సిటీ లాయరు రాసే రాజీ పత్రంలో ‘‘రెండో, నాలుగో ఆదివారాలు ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు వరకు’’ అని ఉంటుంది. పేట ప్లీడరు రాసినదాంట్లో సంక్రాంతి సెలవులు చెరి సగం, శివరాత్రికి పిల్లవాడు తండ్రి ఊరి ప్రభతో కోటప్పకొండ తిరనాళ్ళకు వెళ్ళాలి, మర్నాడు బడి వేళకు తల్లికి అప్పగించాలి అని ఉంటుంది. ఆ ఒక్క రాత్రి వాటా ముందే తేల్చకపోతే ఏటా శివరాత్రి నాడు రెండు కుటుంబాలు కొండ దగ్గరే కేసు మళ్ళీ మొదలుపెడతాయని ఆయనకు తెలుసు. ఆ తెలివి ఏ లా జర్నల్‌లోనూ అచ్చు కాదు.

‘‘అంతా బాగుంది, మన గుట్టు దాగుతుందా?’’ అన్నది మొదటి అభ్యంతరం. కక్షిదారు చెప్పిన మాట ప్లీడరు బయటపెట్టకూడదని 1872 సాక్ష్య చట్టం 126వ సెక్షన్‌లో ఉండేది. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్. వివాహ కేసుల విచారణ కూడా తలుపులు మూసే జరగాలి. మన ప్లీడరు గారు ఈ విషయంలో ఉక్కుపిండం. గుట్టు బయటపడేది వరండాలోని చెక్క బల్ల మీంచి. దాని మీద ఎవరు కూర్చున్నదీ సాయంత్రానికి కళామందిర్ సెంటర్లో తెలిసిపోతుంది. ఈ చిక్కుకు మందు కోర్టు అయ్యాక, చీకటి పడ్డాక వెళ్ళడమే. ‘‘అవతలివాళ్ళు ముందే వెళ్ళి ఉంటే?’’ అన్నది దీనికి తోక. ఒక పక్షానికి సలహా ఇచ్చిన అడ్వొకేటు అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ నియమం. ఈ నియమం పేటలో అందరికంటే మేనమామలకే బాగా వంటబట్టింది. అందుకే కొందరు ఆయన్ను పెట్టుకునే ఉద్దేశం లేకపోయినా ముందుగా వెళ్ళి సలహా అడిగేస్తారు, ఎదుటివాళ్ళకు దక్కకుండా.

రెండో అభ్యంతరం, హాల్లో ‘‘అబ్జెక్షన్’’ అని అరుచుకున్న ప్లీడర్లిద్దరూ బయట ఒకే చోట టీ తాగుతారని. తాగుతారు, తాగాలి కూడా. భూమి కేసు ముగిస్తే ఎవరి దారి వాళ్ళది. విడాకుల కేసు ముగిశాక కూడా ఆ పిల్ల పెళ్ళికి తల్లీ తండ్రీ ఒకే పందిట్లో నిలబడాలి. వీలైనంత మేర రాజీకి ప్రయత్నించాలని ఫ్యామిలీ కోర్టుల చట్టం కోర్టుకే చెబుతోంది. విడాకుల మాట అటుంచి మనోవర్తి, పిల్లల విషయాల్లో రాజీకి లోక్ అదాలత్ ఉంది. అక్కడి అవార్డుకు డిక్రీ విలువ, దాని మీద అప్పీలు లేదు. ఆ టీ దగ్గర కుదిరేది ఇలాంటి రాజీయే. కానీ ప్లీడరు గారి అసలు బలహీనత కూడా ఇక్కడే ఉంది. రెండు ఇళ్ళూ కావలసినవే అయిన మనిషికి ‘‘సర్దుకుపోండమ్మా’’ అన్న మాట నాలుక చివరే ఉంటుంది. దెబ్బలు తిని వచ్చిన ఆడపిల్ల దగ్గర ఆ మాట మహా పాపం. 498-ఎ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85 అయిందని ఆయన వారం రోజులు బెంగపెట్టుకోవచ్చు గాక, అంకె మారినా నేరం మారలేదు. అలాంటప్పుడు పొలం లెక్కలు పక్కనబెట్టి 2005 గృహహింస చట్టం కింద రక్షణ కోరాలి. ఆయన తాత్సారం చేస్తే కోర్టు దగ్గరి మండల న్యాయ సేవల కమిటీకి నేరుగా వెళ్ళవచ్చు. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్ళందరికీ అక్కడ ఉచితంగా లాయర్ని పెడతారు. ఊరంతా తెలియడమనే అర్హతకు ఇది హద్దు.

మూడోది వాయిదాలు, ఫీజులు. పత్తి తీతలప్పుడు కొంత, మిర్చి గుంటూరు యార్డుకు వెళ్ళాక కొంత, అలా ఫీజు పంటతో పాటే చేతికొస్తుంది. కేసూ అదే నడక నడుస్తుంది. కోతలున్నాయని వాయిదా అడిగించేది కక్షిదారే, ఊరంతా తిట్టేది ప్లీడరునే. మే నెలలో యార్డుకూ సెలవులు, కోర్టుకూ సెలవులు కాబట్టి ఆ నెల ఎవరూ ఎవర్నీ తిట్టుకోరు. వచ్చే భరణంలో వాటా మాట్లాడుకోవడాన్ని మాత్రం బార్ కౌన్సిల్ నిషేధించింది. అలా శాతాల లెక్క ఎత్తే ప్లీడరు ఎవరైనా సరే, కుర్చీలోంచి లేచి రావడం మేలు.

చివరి అభ్యంతరం చట్టం నోట్లోంచే వస్తుంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆ కోర్టులో లాయర్ని పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదు. ఈ సెక్షన్ ప్లీడరు గారికి కంఠతా వచ్చు గానీ వరండాలో వల్లించరు. పది లక్షలు దాటిన పట్టణానికి ఫ్యామిలీ కోర్టు తప్పనిసరి అన్నది ఆ చట్టమే. 2011 జనాభా లెక్కల్లో లక్ష పైచిలుకున్న పేటకు ఆ లెక్క ఇప్పట్లో అందదు. ఫ్యామిలీ కోర్టుల్లో కూడా అనుమతి తీసుకుని లాయర్లు నిలబడుతూనే ఉన్నారు. ఎందుకంటే, మొగుడూ పెళ్ళాల్ని ఎదురెదురుగా నిలబెట్టి ‘‘మీరే వాదించుకోండి’’ అంటే వాళ్ళు ఇంట్లో చేసిందే కోర్టులోనూ చేస్తారు.

కాబట్టి ప్లీడర్ని ఎంచుకునేటప్పుడు ఎన్ని విడాకుల కేసులు గెలిచారని అడగడం దండగ. విడాకుల్లో గెలిచినవాళ్ళెవరు గనుక? చూడాల్సినవి వేరు. ఏ దశకు ఎంత ఫీజో కాగితం మీద రాసిస్తారా? అవతలివాళ్ళు ముందే వచ్చి వెళ్ళారా అంటే నిజం చెబుతారా? వచ్చిన బలగాన్నంతా వరండాలోకి పంపేసి, పిటిషన్‌లో పేరుండబోయే మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ‘‘నీకేం కావాలమ్మా?’’ అని అడుగుతారా? ఈ మూడోది చేయగల ప్లీడరు పేటలోనే దొరికితే విజయవాడ బస్సు ఎక్కక్కర్లేదు. మేనమామ గారు తప్పకుండా అలుగుతారు. ఆయన్ను సముదాయించే పని కూడా ప్లీడరు గారిదే. దానికి విడిగా ఫీజు అడిగినా బేరమాడకుండా ఇచ్చేయడం మంచిది.