ఇటలీలో సాయం అడగాలా? ఇవిగో చిట్కాలు

ఇటాలియన్ నేర్చుకోవడానికి ఆర్నెల్లు తగలేయకండి. తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అని ఊరికే అన్నారా? మన మాటల్లాగే వాళ్ల మాటలూ చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. ప్రతి మాట చివరా ఒక ‘ఓ’ తగిలించండి చాలు: రైలో, టికెట్టో, బ్యాగో. అర్థం చేసుకోవడం ఎదుటివాళ్ల పని.

1. పలకరింపులు మానేయండి. బార్‌లోకి (అక్కడ బార్ అంటే ముఖ్యంగా కాఫీ కొట్టే, ఆశపడకండి) అడుగు పెట్టినవాడల్లా ‘బొంజోర్నో’ అంటాడు. పనీపాటా లేక. మీరు కౌంటర్ మీద చిల్లర టకటకలాడించి ‘వోల్యో కఫే’ అనండి. వోల్యో అంటే ‘నాక్కావాలి’. మర్యాదస్థులు ‘వోర్రేయ్’ అంటారు. ముక్కూమొహం తెలియనివాణ్ణి ఒరేయ్ అని పిలవమని మనింట్లో నేర్పారా?

2. పెద్దవాళ్లతో మరీ జాగ్రత్త. ‘మీరు’ అనడానికి వాళ్ల మాట ‘లేయ్’. దానికే ‘ఆవిడ’ అన్న అర్థం కూడా ఉంది. బస్సులో కూర్చున్న ముసలాయన్ని లేయ్ అంటే సీటు కోసం గదమాయించినట్టుంటుంది. కాబట్టి అందరికీ ‘నువ్వే’ వాడండి. దాన్ని ‘తూ’ అంటారు. ఉమ్మినట్టు ఉంటుంది, నిజమే, కానీ పొట్టి మాట. అలాగే ‘స్కూజీ’ పెద్దలకు, ‘స్కూజా’ స్నేహితులకు. మీరు పోలీసాయన భుజం తట్టి మరీ ‘స్కూజా’ అనండి. చుట్టరికం కలుస్తుంది.

3. ప్లాట్‌ఫాం తెలియలేదా? ‘మి ప్వో ఆయుతారే, పెర్ ఫవోరే?’ అని అంత పొడుగు అడిగేలోపు రైలు పోతుంది. రోమ్ టెర్మినీ స్టేషన్ నడిబొడ్డున నిలబడి ‘ఆయూతో!’ అని ఒక్క కేక పెట్టండి. మునిగిపోయేవాళ్లు పెట్టే కేక అదే. ఎవరో ఒకరు 112కి ఫోన్ చేస్తారు. యూనిఫాం వాళ్లు పరుగెత్తుకొస్తారు. వాళ్లు ఆయాసం తీర్చుకునేలోపు ప్లాట్‌ఫాం నంబరు అడగండి.

4. పెట్టె మోయించడం అసలైన విద్య. ‘మి దా ఉనా మానో?’ అంటే అచ్చం మన ‘ఓ చెయ్యి వేస్తారా?’ లాంటిదే. పాపం, మీరడిగిన పెద్దమనిషి చెయ్యి వేస్తాడు. అదే క్షణంలో మీ చెయ్యి తీసేయండి. ఫోన్ చెవికి ఆనించి ‘ఆఁ అమ్మా, చెప్పు’ అంటూ మెట్లెక్కండి. పెట్టె 23 కిలోలు. లోపల రెండు తువ్వాళ్లలో చుట్టిన ఆవకాయ సీసా. నాలుగో మెట్టు మీద ‘ఠప్’ మంటుంది. ఎర్రటి నూనె జిప్పు సందులోంచి కారి ఆయన తెల్లచొక్కా చేతికి అంటుకుంటుంది. ‘మి దిస్ప్యాచె’ అని క్షమాపణ చెప్పారో, లాండ్రీ డబ్బులు మీ నెత్తిన పడతాయి. చిరునవ్వుతో ‘ప్రేగో’ అనండి. అంటే ‘పర్లేదు లెండి’ అని.

5. కాగితం టికెట్‌తో ప్రాంతీయ రైలెక్కే ముందు మెషీన్‌లో ముద్ర కొట్టించుకోవాలి. మెషీన్ ఎక్కడుందని ఎవర్నీ అడగకండి, వాళ్లు చూపించేస్తారు. టీసీ వస్తే నిద్ర నటించండి. లేపితే ‘సోనో స్త్రానియేరో’, నేను పరాయి దేశం వాణ్ణి అనండి. ఆయన రోజూ వినే మాటే, అందుకే వెంటనే అర్థమవుతుంది. తర్వాత జరిమానా పుస్తకం తీసి, ఓపిగ్గా, లేయ్, లేయ్ అంటూనే రాస్తాడు.

మీరు మాత్రం సీట్లోంచి లేవకండి.