గడ్డి ఎరగని కుందేళ్ళు

మా రోజుల్లో కుందేలుకు ఏం పెట్టాలని ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. గడ్డి తినే జంతువు కాబట్టి గడ్డి వేసేవాళ్ళం. ఇవాళ మా అపార్ట్‌మెంట్‌లో కొన్ని ఇళ్ళలో కుందేళ్ళున్నాయి. వాటి పక్కన బిస్కెట్ పొట్లం ఉంటుంది, రంగురంగుల గింజల డబ్బా ఉంటుంది, క్యారెట్లుంటాయి. పాలలో నానేసిన రొట్టె కూడా చూశాను. గడ్డి పరక మాత్రం కనిపించదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మాది తెనాలి దగ్గర పల్లె. పెరట్లో జామచెట్టు కింద కుందేళ్ళ గూడు. కాలవ గట్టు మీద గరిక కోసుకురావడం పిల్లల పని. తెచ్చిన గడ్డిని కుప్పగా పోస్తే అమ్మ ఊరుకునేది కాదు. కుప్పలో వేడెక్కి పులుస్తుంది, అది తింటే పొట్ట ఉబ్బుతుందని కేకలేసేది. పల్చగా పరిచి, కాస్త వాడాక వేసేవాళ్ళం. గన్నేరాకు, జిల్లేడాకు కలిసిందేమోనని చేత్తో ఏరేవాళ్ళం. వానలు పడకముందే గరికను నీడపట్టున ఆరబెట్టి గోనెల్లో కూరి అటకెక్కించేవాళ్ళం. బూజు వాసన తగిలిందా, ఆ గోనె పెంటకుప్పకే. మధ్యమధ్య గుప్పెడు మునగాకో, కొత్తిమీర కాడలో పడేవి. క్యారెట్ మా సంతకు రావడమే తక్కువ.

పొద్దున్నే గూడు ఊడ్చేటప్పుడు అమ్మ ముందు చూసేది పెంటికలనే. గుండ్రంగా, పొడిగా, చిదిపితే గడ్డి పీచు కనిపించేలా ఉంటే బెంగ లేదు. చిన్నవైనా, తగ్గినా, వెంట్రుకలతో ఒకదానికొకటి అతుక్కుని వచ్చినా ఆ కుందేలును విడిగా పెట్టి గడ్డీ నీళ్ళూ తప్ప ఇంకేమీ ఇచ్చేది కాదు. ఇప్పుడు ఒక్కో ఇంట్లో కుందేలు ఫొటోలు ఫోన్ నిండా ఉన్నాయి. పెంటికలు ఎన్ని వేసిందో, ఎలా వేసిందో చెప్పమంటే మొహం చిట్లిస్తారు. దాని ఆరోగ్యం రాసి ఉండేది అక్కడేనమ్మా అంటే వినరు.

గడ్డి గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కుందేలు పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్ళయితే వారానికి 2 నుంచి 3 మిల్లీమీటర్లు. గడ్డిని గంటల తరబడి దవడ పక్కలకు ఆడిస్తూ నూరితేనే లోపలి పళ్ళు అరుగుతాయి. డబ్బా గింజలు రెండు కొరుకుళ్ళలో అయిపోతాయి. అరగని పళ్ళ అంచులు వాడిగా లేచి నాలుకనూ బుగ్గనూ చీరుతాయి. నోరు నొప్పెట్టి తిండి మానేస్తుంది. తిండి ఆగితే పేగు ఆగుతుంది, ఎందుకంటే ఆ పేగును కదిలించేది పీచే. పెద్దపేగు మొదట్లో సీకం అని ఓ పెద్ద సంచి ఉంటుంది. అది తోడేసిన పెరుగు కుండ లాంటిది, తిన్నది అందులో సూక్ష్మజీవుల వల్ల పులిసి ఒంటికి పడుతుంది. తీపీ పిండీ ఎక్కువైతే ఆ తోడు చెడిపోతుంది. చెడ్డ క్రిములు పెరిగి గాలి పడుతుంది. కుందేలుకు వాంతి చేసుకునే వీలు కూడా లేదు. బిస్కెట్ పెట్టిన చెయ్యి ఇవన్నీ ఆలోచించిందా?

సీకంలో పులిసిన దాన్ని కుందేలు మెత్తటి చిన్న ముద్దలుగా వేసి, నేల మీద పడనీయకుండా నోటితో అందుకుని తింటుంది. ఛీ అని అదిలించే పిల్లల్ని చూశాను. అదిలించకూడదు. బి విటమిన్లూ మాంసకృత్తులూ దానికి అందేది అలాగే. ఆ ముద్దలు తినకుండా వదిలేసి వెనక భాగానికి అంటుకుంటున్నాయంటే మాత్రం గింజలో పండ్లో ఎక్కువయ్యాయని, లేదా ఒళ్ళు చేసి వంగలేకపోతోందని అనుమానించాలి. వేసవిలో ఆ తడి మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగు పడుతుంది.

మొన్న ఎండాకాలం పై అంతస్తు అమ్మాయి తలుపు కొట్టింది. "అంకుల్, మా స్నోయీ నిన్న రాత్రి నుంచి ఏమీ ముట్టలేదు. ఎండకేమో, రేపు చూద్దామంటున్నారు మావారు." వెళ్ళి చూస్తే మూలకు ముడుచుకుని పళ్ళు పటపట కొరుకుతోంది. నొప్పికి అలా చేస్తుంది. "రేపటిదాకా ఆగొద్దమ్మా, పద" అన్నాను. డాక్టరు పొట్ట తడిమి, ఎక్స్‌రే తీయించి, పేగు ఎక్కడా అడ్డుపడలేదని తేల్చుకున్నాక చర్మం కింద సెలైన్ ఎక్కించాడు. నొప్పికి మందిచ్చి, గడ్డిపొడి నీళ్ళలో కలిపి సిరంజితో కొద్దికొద్దిగా పట్టించాడు. బతికింది. ఈ విషయంలో ఈ కాలమే మెరుగని ఒప్పుకుంటాను, మా ఊళ్ళో పశువుల డాక్టరుకు ఎద్దులూ గేదెలూ చూడ్డానికే తీరికుండేది కాదు. కానీ ఇంట్లో ఉన్న మనుషుల మందు పోసేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. అమోక్సిసిలిన్ నోటి ద్వారా పోస్తే ఆ సీకంలోని మంచి క్రిములు చచ్చి కుందేలే పోతుంది.

బుట్టల్లో పెట్టి అమ్మే పసికూనల్ని చూస్తే ఇంకా బాధ. తల్లిపాలు మరవని వాటిని తెచ్చి పాలకూర, క్యారెట్ పెడితే విరేచనాలు పట్టి పోతున్నాయి. ఆరు వారాలైనా నిండందే మేం పిల్లను తల్లి నుంచి విడదీసేవాళ్ళం కాదు. ఇక క్యారెట్ మోజంతా కార్టూన్ల పుణ్యమే. 1940లో బగ్స్ బన్నీ తెర మీద నమిలింది మొదలు లోకమంతా అదే కుందేలు తిండి అనుకుంటోంది. దుంపలో ఉన్నది చక్కెర. అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు, పైనున్న ఆకులు పెట్టండి.

దుకాణాల్లో తిమోతి గడ్డి దొరుకుతోంది, కొనగలిగితే మంచిదే. లేదంటే గుడి ముందు గరిక అమ్మేవాళ్ళకు చెప్పి కట్టలు తెప్పించుకుని, కడిగి ఆరబెట్టుకోవచ్చు. లూసర్న్ గడ్డి ఎదిగే కుందేలు పిల్లలకే. పెద్దవాటికి రోజూ వేస్తే అందులోని కాల్షియం మూత్రంలో సున్నంలా దిగుతుంది. వరిగడ్డి పరుపుకు సరే, దాని మీదే బతకమంటే కుదరదు. గుళికల మేత కుందేలు కిలో బరువుకు రోజుకు 25 గ్రాములు దాటనివ్వకండి. ఎండుగడ్డి మాత్రం రాత్రీ పగలూ ముందుండాలి, నీళ్ళు వెడల్పు గిన్నెలో పెట్టాలి. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే తెల్లారనివ్వకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

పిల్లలు కుందేలు కావాలని పేచీ పెడితే, ముందు మీ వీధిలో గడ్డి ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. దొరక్కపోతే కుందేల్ని తేకండి.