పరిశీలనలో ఉన్న కథకుడు

నానక్‌రామ్‌గూడ 'కాదు' అనిపించుకునేవాళ్ళ రాజధాని. 2023లో అమెరికా కాన్సులేట్ ఇక్కడికి మారాక వీసా రానివాళ్ళకు కొదవ లేదు. ఉద్యోగం ఇంటర్వ్యూ పోయినవాళ్ళు, రామానాయుడు స్టూడియో వైపు స్క్రిప్టు పట్టుకుని నడిచేవాళ్ళు సరేసరి. వీళ్ళందరిలో ముఖం వాడనివాడు ఒక్కడే. పగలు కోడ్, రాత్రి కథ రాసే మనవాడు.

వీసా రానివాళ్ళంటే ఇతనికి అసూయ. "వాళ్ళకు నయం. 214-బి అని సెక్షన్ చెప్పి కాగితం చేతికిస్తారు. నాకు ఆ మర్యాదా లేదు" అంటాడు.

పూర్వం పత్రికకు పంపే కథతోపాటు స్టాంపులంటించిన కవరు పెట్టేవారు. నచ్చని కథ అందులో తిరిగొచ్చేది, సంగతి పోస్ట్‌మాన్‌తో సహా వీధికంతా తెలిసేది. ఇప్పుడు యూనికోడ్‌లో మెయిలు చేయాలి, ఫలానా గడువులోగా కబురు లేకపోతే ఆశ వదులుకోవాలి. మనవాడు వదులుకోడు. కబురు రానంతకాలం కథ బతికున్నట్టే. 'తిరస్కరించారు' అన్నమాట ఇతని నోట రాదు, 'పరిశీలనలో ఉంది' అంటాడు. 1978 నుంచి నెలకో నవల వేసిన 'చతుర' పత్రిక 2021లో ఆగిపోయింది. అప్పటికి మనవాడి నవల ఒకటి అక్కడుంది. అదింకా పరిశీలనలోనే ఉందట!

ప్రతి కథకూ హామీపత్రం జతచేస్తాడు. ఇది నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు అని. "అదే హామీ నీ కోడ్‌కి కూడా రాసివ్వు" అని టీమ్ లీడ్ అడిగితే మాత్రం మంచినీళ్ళ సీసా పట్టుకుని లేస్తాడు.

ఇంట్లో ఆవిడ మొదటి పాఠకురాలు. ఒక కథ చదివి "ఏమండీ, ఈ గయ్యాళి అత్తగారు మా అమ్మేనా?" అని అడిగింది. "పూర్తిగా కల్పితం" అన్నాడు. ఆ కథ పోటీలో పోయిన రోజు ఇంట్లో పాయసం వండారు.

సంక్రాంతి, ఉగాది, దీపావళి ఇతనికి పండగలు కావు, కథల పోటీల గడువులు. ఫలితాల్లో ముందు పెద్ద బహుమతులు చూస్తాడు, తర్వాత ప్రోత్సాహకాలు, ఆపైన సాధారణ ప్రచురణకు తీసుకున్నవి. అక్కడా లేకపోతే అచ్చుతప్పేమోనని తన ఇంటిపేరుకు దగ్గరగా ఉన్నవాళ్ళందరినీ వెతుకుతాడు. ఆనక టీ కొట్టు దగ్గర సాహిత్య చరిత్ర తీస్తాడు. "1952లో ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు రెండో బహుమతే ఇచ్చారు తమ్మీ. మొదటి బహుమతి రానివాళ్ళలో ఆయనా ఉన్నారు, నేనూ ఉన్నాను!"

మొన్న ఉగాదికి ఆఫీసు తెలుగు సంఘం కథల పోటీ పెట్టి ఇతన్నే న్యాయనిర్ణేతను చేసింది. వచ్చిన కథలన్నిటినీ మనవాడు క్యాబ్‌లో, విప్రో సర్కిల్ సిగ్నల్ దగ్గరే తేల్చేశాడు. చాలావాటిలో మొదటి పేరా కూడా దాటలేదు.

మర్నాడు కొత్తగా చేరిన కుర్రాడొకడు లిఫ్ట్ దగ్గర ఆపాడు. "అన్నా, నా కథ ఎందుకు పోయిందో ఒక్కమాట చెప్తారా?"

మనవాడు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు తమ్మీ!"