సెల్లారులో ఆటలు నిషేధం

పిల్లలు ఫోన్ వదలడం లేదని బెజవాడలో గోల పెట్టని ఇల్లు లేదు. పటమట నుంచి భవానీపురం దాకా ఒకటే పాట: ‘‘మా వాడు బయటికెళ్లి ఆడుకోడండీ!’’ ఘోరమే. కాకపోతే ఆ ‘బయట’ ఏ డివిజన్‌లో ఉందో ఎవరూ చెప్పరు.

అపార్ట్‌మెంట్ పిల్లలకి బయటంటే సెల్లారు. అక్కడ కార్లుంటాయి. బంతి తగిలి గీత పడితే పెద్ద పంచాయితీ. అందుకే అసోసియేషన్ వారు ‘ఇచ్చట పిల్లలు ఆడరాదు’ అని గోడ మీద రాయించారు. ప్రహరీకి అవతల ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని రాసిందీ ఆ పెయింటరే, అదే ఎర్ర రంగుతో. రెండో బోర్డుని ఎవరూ ఖాతరు చేయరు. పిల్లలు బుద్ధిమంతులు కాబట్టి మొదటిది పాటిస్తున్నారు. పోనీ డాబా మీదికి వెళ్దామంటే తాళం. తాళంచెవి ప్రెసిడెంటు గారి దగ్గర, ప్రెసిడెంటు గారు హైదరాబాద్‌లో.

బడిలోనైనా ఆడతారనుకుందాం. బడికి ఆటస్థలం ఉండి తీరాలని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది. ఉండకేం? మా పక్కింటాయన అడ్మిషన్‌కి వెళ్లి ‘‘గ్రౌండ్ ఉందాండీ?’’ అని అడిగితే, బ్రోషర్ మూడో పేజీ తీసి చూపించారట. పచ్చగా నిగనిగలాడుతోంది, ఇంతవరకూ ఎవరూ తొక్కలేదు. టైంటేబుల్‌లో గేమ్స్ పీరియడ్ కూడా ఉంది. ఆ పీరియడ్‌లో లెక్కల సారు స్లిప్ టెస్టు పెడతారు.

అసలు ఫోన్ వాళ్ల చేతికి ఎలా వచ్చింది? ఒక చేత్తో ముద్దపప్పూ నెయ్యీ కలిపిన ముద్ద, ఇంకో చేత్తో కార్టూన్ పట్టుకుని కూర్చున్నది మనమే. బొమ్మ కదులుతుంటే నోరు తెరుచుకుంటుంది, యాడ్ రాగానే మూసుకుంటుంది. స్కిప్ నొక్కాలి, ముద్ద పెట్టాలి. ఏడాదిలోపు పిల్లలకి తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన బుడ్డోడికి అన్నం తినిపించే పని వాళ్లకి పడలేదు కాబట్టి ఎన్నయినా చెబుతారు. మరుసటి ఏడు ఇంకోటి చెప్పారు: 5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలట. మన పిల్లలకీ ఆ 60 నిమిషాలు ఉన్నాయి. బెంజి సర్కిల్ దగ్గర, స్కూలు బస్సులో.

అలాగని ఆటలంటే మనకి గౌరవం లేదనకండి. మన ఊరి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు కొడితే స్టేటస్ పెట్టనివాడు పాపాత్ముడు. చిన్నప్పుడే ఆ అమ్మాయి కృష్ణ ఈదిందని పేపర్లో చదివి, మా వీధిలో ఓ తండ్రి తెగ కదిలిపోయాడు. కదిలిపోయి అడిగిందేమిటయ్యా అంటే, ‘‘కోచింగ్ ఫీజెంత? స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందా?’’ ఏడుపెంకులాటకీ కోతికొమ్మచ్చికీ కోటా లేదు, ర్యాంకు లేదు, హాస్టల్ లేదు. అలాంటి ఆటలు బెజవాడలో బతికి బట్టకట్టేదెలా? ఊరికే ఆడుకోవడం మన సిలబస్‌లోనే లేదు.

అందుకే మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఓ తీర్మానం పెట్టాను. సాయంత్రం 5 నుంచి 6 దాకా సెల్లారులో రెండు కార్లు తీసి రోడ్డు మీద పెట్టాలి. ఆ చోట పిల్లలు కుంటుడు ఆడతారో, కొట్టుకుంటారో, మళ్లీ కలిసిపోతారో వాళ్లిష్టం. మోకాళ్లు చెక్కుకుపోతే పసుపు రాద్దాం. డాబా తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉండాలి. ఆ గంటసేపూ పెద్దలు కూడా ఫోన్లు ఇంట్లో పడేసి కిందికి రావాలి.

నిమిషం తిరక్కుండా ప్రతి ఫ్లాటు నుంచీ బొటనవేళ్లు లేచాయి. ప్రెసిడెంటు గారైతే హైదరాబాద్ నుంచే రెండు చేతులూ జోడించారు. కార్లు మాత్రం కదల్లేదు.