ప్రక్కటెముకయు పలక అంచును

నలుచదరముగా కోసిన పలకకును నరుని ప్రక్కటెముకకును గల వైరము అనాదియైనది. అయినను గడపలును బల్లలును నిత్యము చేయు ఘాతుకములను సహించిన మనము, సంగీతము పేరిట పొట్టకు హత్తుకొనవలసిన పలక విషయమున మాత్రము సహింపలేకపోవుట న్యాయమేయని నా యభిప్రాయము.

నా మేనల్లుడు చదువు నెపమున తిరుపతిలో నివసించుచు, కచేరీ నెపమున బేస్ గిటారు నొకదానిని సంపాదించెను. లావుపాటి తంత్రులు నాలుగు, భుజము క్రుంగదీయు బరువు, ఉప్పుకాగితపు స్పర్శ యెఱుగని అంచులు, ఇదియే దాని స్వరూపము. సాధన చేసిన దినమెల్ల వాని ముంజేతిపై ఎఱ్ఱని వాత తేలుచుండెను. అది చూచి మా అక్క, హాస్టలులో ఎవరో కొట్టిరని పోలీసు స్టేషనుకు బయలుదేరబోయెను.

ఈ బాధకు చరిత్ర కలదు. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అను నాతడు 1951లో ప్రెసిషన్ బేస్‌ను వెలువరించినప్పుడు దాని దేహము ఇంచుమించు చపాతీపీట. ఆ మహానుభావునకు గిటారు వాయించుట రాదు; కావున ఆ అంచు సంగతి ఆయన ఎముకలకు తెలియు నవకాశము లేకపోయెను. వాయించువారు మొఱపెట్టుకొనగా, 1954లో స్ట్రాటోకాస్టర్ గిటారుకు ముంజేయి ఆనుచోట ఏటవాలుగను, వెనుక పొట్ట తగులుచోట పల్లముగను చెక్కించి, ఆ యేడే బేస్‌కును ఆ భాగ్యము కలిగించెను. పనసదుంగను గుండ్రముగా తొలిచిన మన వీణకర్త ఈ చిక్కునే ఎఱుగడు. వీణ ప్రక్కటెముకల జోలికి పోదు, కాళ్ళకు తిమ్మిరి మాత్రమెక్కించును.

ఏర్పేడు దాపున మాధవమాలలో కొయ్యతో దేవతామూర్తులను చెక్కు శిల్పులు కలరు. గిటారును అచటికి గొనిపోగా, ఒక వృద్ధశిల్పి దానిని త్రిప్పి త్రిప్పి చూచి, "దీనికి మొగం ఏ పక్క సామీ?" అనెను. మొగము లేదు, కొమ్ములు మాత్రము రెండున్నవని విన్నవించితిని. మేనల్లుడు విద్యాధికుడు గనుక, రూటరు యంత్రమునకు బేరింగు గల బిట్టు బిగించి, అరంగుళపు వ్యాసార్ధముతో అంచునెల్ల ఒకే తీరున గుండ్రము చేయవలయునని ఉపన్యసించెను. శిల్పి ఓపికగా విని, "చుట్టూ ఒకే మాదిరైతే మిషనే చాలు గదబ్బా! నీ చెయ్యి యాడ ఆనుతుందో ఆడ ఎక్కువ తీయాల. మెడ బిగించే తావున మూల అట్నే ఉండాల. కొమ్ముల కాడ నార అడ్డం తిరుగుతాది, ఎదురు తోస్తే చెక్క లేచిపోతాది" అని, ఉలియు ఆకురాయియు చేతబట్టెను.

మేనల్లునికి ఇంకొక కోరిక: జపానువారు షామిసెన్ వాద్యపు మెడకు వాడు ఎఱ్ఱచందనముతో తనకొక బేస్ కావలెనట. ఈ మాట బిగ్గరగా వినబడగానే శిల్పి వీధి కిరుప్రక్కల చూచెను. నీట వేసిన మునుగు ఆ కొయ్యతో చేసినచో, అంచుల బాధ పోయి నడుము బాధ సంక్రమించును. అటవీశాఖవారి సత్కారము వేరు.

అంచులు నునుపైనవి. వెనుక అరగంటకే వాత తేలి ఆగిపోవు సాధన ఇప్పుడు అర్ధరాత్రి దాటుచున్నది. క్రింది వాటాలోని గృహస్థు, మూలలను మరల అతికించు శిల్పి ఎవరైనను కలరాయని నన్ను విచారించుచున్నాడు.